ఫ్యాన్ లేదు, పంపు లేదు, మరి ట్రాన్స్‌ఫార్మర్ లోపల నూనె ఎట్లా తిరుగుతుంది?

బోరు_కింద_వేరుశెనగ

అన్నలందరికీ నమస్తే. మాది కదిరి పక్క పల్లె. పొలం గట్టున 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటుంది, దాని మీద 14 మోటార్లు. ఈ ఎండాకాలంలోనే రెండుసార్లు కాలిపోయింది, మార్చిలో ఒకసారి, మళ్ళీ నెల తిరక్కుండా ఇంకోసారి. కాలినప్పుడల్లా మోటారుకి ఇంత అని చందా వేసుకునేది, ట్రాక్టర్ మాట్లాడుకుని దించి పంపేది, రిపేరైంది తెచ్చి మళ్ళీ దిమ్మె మీదికి ఎక్కించుకునేది, ఈ లోపల నాలుగైదు రోజులు నీళ్ళు లేక పైరు వాడు ముఖం పెట్టేది. రిపేరు షెడ్డులో ఎందుకు కాలింది సార్ అని అడిగితే "హీటైంది" అని ఒక్క ముక్క చెప్పి పంపేసినారు.

నా డౌటు ఏందంటే, లోపల నూనె ఉంటుందని తెలుసు, పక్కల గొట్టాలు ఆ నూనె చల్లబడడానికే అనీ తెలుసు. కానీ ఫ్యాన్ లేదు, లోపల మోటారూ లేదు కదా, మరి నూనె ఆ గొట్టాల్లోకి పోయి మళ్ళీ లోపలికి ఎట్లా వస్తుంది? నిజంగా తిరుగుతుందా లేక బిందెలో నీళ్ళ మాదిరి అట్లే నిలబడి ఉంటుందా? మా బాబాయి గొట్టాలకి తడి గోనెసంచులు చుడదాం అంటాడు, ఇంకొకాయన నూనె పాతదైంది మొత్తం మార్చాల అంటాడు. తెలిసినోళ్ళు కొంచెం అర్థమయ్యేటట్టు చెప్పండి.

పాత_లైన్‌మన్

మిగతాది తర్వాత, ముందు మీ బాబాయికి దండం పెట్టి చెప్పు, గోనెసంచీ మాట మళ్ళా ఎత్తొద్దని. పైన 11 కేవీ (11 వేల వోల్టుల) బుషింగులు, అంటే తీగలు తగిలించే పింగాణి కొమ్ములు ఉంటయి, చెయ్యి ఎత్తితే అందేంత దూరంల. డబ్బాకు ఎర్తింగ్ సక్కగ ఉన్నదో లేదో ఎవనికి తెలుసు, ఎండకాలం ఎర్త్ గుంతలు ఎండి ఉంటయి, నీళ్ళు పోసేటోడు ఎవడు. అట్లాంటి దాని మీద తడి సంచి పట్టుకొని పోతే ట్రాన్స్‌ఫార్మర్ చల్లబడుడు కాదు మనిషే చల్లబడుతడు. 31 ఏండ్లు చేసిన ఈ కొలువు, మా దిక్కు ఫ్యూజు ఏసుకుందామని పోయి పానం పోగొట్టుకున్న రైతులను నా కండ్లతోని చూసిన.

కోర్_కాయిల్

తిరుగుతుంది బ్రదర్, నిలబడి ఉండదు. నేను ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే చోట డిజైన్‌లో పని చేస్తా, కాబట్టి నాకు ఇష్టమైన టాపిక్ ఇది, కొంచెం పొడుగవుతుంది ఓపిగ్గా చదవండి.

నేమ్‌ప్లేటు మీద కూలింగ్ అన్న చోట ఓ ఎన్ ఏ ఎన్ అని నాలుగక్షరాలు ఉంటాయి, మేం ఓనాన్ అంటాం. నూనె దానంతటది కదులుతుంది, బయట గాలి కూడా దానంతటది కదులుతుంది, ఎవరూ తొయ్యరు అని దాని అర్థం. పల్లెల్లో గట్ల మీద కనపడే 16, 25, 63, 100 కేవీఏ అన్నీ ఈ రకమే.

ముందు వేడి ఎక్కడ పుడుతుందో చూద్దాం. కరెంటు వచ్చి ఉన్నంతసేపు, ఒక్క మోటారు తిరక్కపోయినా, మధ్యలో ఉన్న ఇనుప కోరు కొంచెం వేడెక్కుతూనే ఉంటుంది, అది మారదు. రెండోది కాయిళ్ళ వేడి, అంటే కోరు మీద చుట్టిన తీగల వేడి, అది లోడును బట్టి. పాత స్టాండర్డు ప్రకారం 63 కేవీఏకి కోరు నష్టం 180 వాట్లు, ఫుల్ లోడ్‌లో కాయిల్ నష్టం 1235 వాట్లు. అంటే ఒకటిన్నర ఇస్త్రీ పెట్టె ఆ డబ్బాలో మునిగి పొద్దస్తమానం ఆన్‌లో ఉందనుకోండి. ఓ వంద లీటర్ల నూనె ఉంది, చల్లబడే దారి అస్సలు లేదు అనుకుని లెక్కేస్తే నూనె ఒక్కటే గంటకి 30 డిగ్రీలు ఎక్కుతుంది. లోపలి ఇనుమూ తీగా కూడా కొంత పీల్చుకుంటాయి కాబట్టి అందులో సగం వేసుకున్నా సాయంత్రానికి ఏమవుతుందో మీరే చూసుకోండి. కాబట్టి వేడి బయటికి పోవాల్సిందే, పోయే దారి ఆ గొట్టాలే.

ఇప్పుడు మీ అసలు డౌటు. మేడల మీద సోలార్ వాటర్ హీటర్ చూసుంటారు కదా, ట్యాంకు ఎప్పుడూ ప్యానెల్ కంటే పైన పెడతారు, పంపు ఉండదు. ప్యానెల్లో నీళ్ళు కాగి తేలికై పైకి పోతాయి, ట్యాంకు అడుగున ఉన్న చల్ల నీళ్ళు బరువెక్కువ కాబట్టి కిందికి దిగి ఆ ఖాళీ నింపుతాయి, ఎండ ఉన్నంతసేపు ఈ గుండ్రం ఆగదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో జరిగేదీ అదే. కాయిల్‌కి ఆనుకుని ఉన్న నూనె వేడెక్కి ఉబ్బుతుంది, తేలికై మూత దాకా లేస్తుంది. అక్కడ పక్కన గొట్టాల పై మూతి తెరుచుకుని ఉంటుంది, అందులోకి దూరుతుంది. గొట్టంలో దిగుతూ దిగుతూ బయటి గాలికి వేడి ఇచ్చేసి, చల్లబడి బరువెక్కి, కింది మూతి నుంచి మళ్ళీ డబ్బా అడుక్కి చేరుతుంది. బయట గాలిదీ అదే కథ, గొట్టాల మధ్య వేడెక్కిన గాలి పైకి పోతుంటే కింది నుంచి కొత్త గాలి వస్తుంటుంది. అందుకే గొట్టాల కింద పిచ్చి చెట్లూ తీగలూ అల్లుకోనివ్వకూడదు.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఆ తోపు ఎంత చిన్నదో అన్నది. పై నూనెకీ కింది నూనెకీ 20 డిగ్రీల తేడా ఉంటే లీటరు బరువులో వచ్చే తేడా 13 గ్రాములు, అంతే, మూడు టీస్పూన్ల చక్కెరంత ఉండొచ్చు. ఆ 13 గ్రాములే పంపు. అంత బలహీనమైన పంపు కాబట్టే గొట్టాల మూతులు ఎక్కడ పెట్టాలి, కాయిళ్ళ మధ్య ఎంత సందు వదలాలి అని మేం కొట్టుకు చస్తాం.

నీళ్ళు పోస్తే పోదా అని ఎవరైనా అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా, నూనె కంటే నీళ్ళు రెండింతలు వేడి మోస్తాయి నిజమే, కానీ నూనెకి ఇంకో ఉద్యోగం ఉంది. 11 కేవీ కాయిల్‌కీ పక్క దానికీ మధ్య కరెంటు దూకకుండా ఆపేది కాగితం, నూనె కలిసే. మిల్లీమీటరు సందులో గాలి ఓ 3 కేవీ దాకా ఆపుతుంది, ఫిల్టర్ చేసిన మంచి నూనె దానికి ఎన్నో రెట్లు ఆపుతుంది. చెమ్మ తగిలిందంటే ఆ గుణం పోతుంది.

షిఫ్ట్_ఆపరేటర్

కోర్ కాయిల్ గారు బాగా చెప్పారు. నేను 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో చేస్తా, మా దగ్గర 5 ఎంవీఏది (అంటే 5000 కేవీఏ) ఉంది, అది కూడా ఓనానే, ఇంకా పెద్ద వాటికి రేడియేటర్ల కింద ఫ్యాన్లు ఉంటాయి. మా వాటికి నూనె ఉష్ణోగ్రతకి ఒక మీటరు, వైండింగ్‌కి, అంటే కాయిల్‌కి ఒక మీటరు ఉంటాయి, గంటగంటకీ లాగ్ షీట్లో రాయాలి. రాసీ రాసీ నేను గమనించింది ఒకటి చెప్తా, లోడు ఎక్కగానే వైండింగ్ ముల్లు నిమిషాల్లో లేస్తుంది, నూనె ముల్లు మాత్రం పెళ్ళికూతురి నడకే. లోడు పొద్దున పదకొండుకి పీకులో ఉంటే నూనె పీకు మధ్యాహ్నం రెండు దాటాక వస్తుంది. కొత్తలో నేను మీటరు పాడైందేమో అనుకున్నా కూడా.

దీనివల్ల లాభం ఉంది, కాసేపు ఓవర్‌లోడ్ అయినా నూనె తట్టుకుంటుంది. కానీ మీ వ్యవసాయం లైన్లకి ఆ లాభం రాదు, ఎందుకంటే పగలు 9 గంటలు ఇస్తే తొమ్మిది గంటలూ మోటార్లన్నీ ఆడుతూనే ఉంటాయి, ఆటో స్టార్టర్లు పెట్టేసి మీరు ఇంట్లో పడుకుంటారు (కోపం వద్దు, మా ఇంట్లోనూ అంతే). ఊళ్ళో ఇళ్ళ ట్రాన్స్‌ఫార్మర్‌కైతే సాయంత్రం రెండు గంటలు లోడు, మిగతా టైం రెస్టు.

కోర్_కాయిల్

కరెక్ట్ పాయింట్. ఓనాన్ నూనెకి టైం కాన్‌స్టంట్ (ఎక్కాల్సిన వేడిలో 63 శాతం ఎక్కడానికి పట్టే టైం) దాదాపు 3 గంటలు వేసుకుంటాం, 9 గంటలంటే మూడు రెట్లు, అంటే ఎక్కాల్సిన వేడిలో 95 శాతం ఎక్కేసినట్టే.

వేరుశెనగ బ్రదర్, ఆ 14 మోటార్లు ఎన్ని హెచ్‌పీవి? రాసిచ్చింది కాదు, నిజంగా బోర్లో దించింది చెప్పండి.

బోరు_కింద_వేరుశెనగ

హహ దొరికిపోయినా. పేపర్ల మీద అన్నీ 5 హెచ్‌పీనే. నీళ్ళు లోతుకి పోయినాక మూడు బోర్లలో 7.5 దించినారు. అందులో ఒకటి మాదే.

కోర్_కాయిల్

సరే లెక్క చూడండి. 5 హెచ్‌పీ మోటారు 7.5 ఆంప్స్ దాకా లాగుతుంది, 7.5 హెచ్‌పీ ఓ 11 లాగుతుంది. పదకొండు చిన్నవి, మూడు పెద్దవి కలిపితే 115 ఆంప్స్. 63 కేవీఏ ఇవ్వగలిగింది 433 వోల్టుల దగ్గర 84 ఆంప్సే. 1.37 రెట్లు అన్నమాట. ఓహో 37 శాతమే కదా అనిపిస్తుంది, కానీ కాయిల్ వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, 1.37 ని 1.37 తో గుణిస్తే దాదాపు 1.9. అంటే 1235 వాట్లు కాస్తా 2300 దాటింది, కోరు నష్టం కలిపితే 2500. ఒకటిన్నర ఇస్త్రీ పెట్టె కాదిప్పుడు, రెండున్నర.

వేడి పెరిగితే నూనె కూడా కొంచెం చురుగ్గానే తిరుగుతుంది, పల్చబడుతుంది కూడా, కాబట్టి ఉష్ణోగ్రత అదే లెక్కలో పెరగదు, కొంచెం తక్కువ పెరుగుతుంది. ఫుల్ లోడ్‌లో బయటి గాలి కంటే 40 డిగ్రీలు ఎక్కువ ఉండేలా చేశారనుకుంటే మీ లోడుకి అది 63 అవుతుంది. బయట 42 ఎండ. పై నూనె 105. కాయిల్ లోపల అన్నిటికంటే వేడైన చోటు దాని మీద ఇంకో పాతిక, అంటే 130. మామూలు ఇన్సులేషన్ కాగితానికి 98 డిగ్రీలు దాటాక ప్రతి 6 డిగ్రీలకీ వయసు రెట్టింపు వేగంతో కరుగుతుంది. 130 దగ్గర నలభై రెట్లు. ఏడాది బతకాల్సిన కాగితం పది రోజుల్లో అప్పడంలా పెళుసెక్కుతుంది.

అయినా, నాకు ఇది మొత్తం కథలా అనిపించట్లేదు. ఇంత ఓవర్‌లోడ్‌తో రాష్ట్రమంతా బోలెడు నడుస్తున్నాయి, కాలినా ఓ సీజనో రెండో అయ్యాక కాలతాయి, నెలలోపు రెండోది పోయిందంటే ఇంకేదో ఉంది. నూనె మట్టం ఎంతుందో ఎవరైనా చూశారా?

గట్టు_మీద_గాలి

మధ్యలో దూరుతున్నందుకు సారీ, మా ఊళ్ళో ఒక తాత ట్రాన్స్‌ఫార్మర్ నూనె మోకాళ్ళకి రాసుకునేవాడు నొప్పులు పోతాయని. నిజమేనా?

పాత_లైన్‌మన్

నొప్పులు పోవు, నూనె పోతది. అది పెట్రోలియం నుంచి తీసిన నూనె తమ్మీ, పాత నూనెల ఆసిడ్ ఉంటది, ఒంటికి మంచిది గాదు. తాతకు ఆ నూనె ఎక్కడి నుంచి వచ్చిందో గది అడుగు ముందు.

వేరుశెనగ తమ్ముడూ, కోర్ కాయిల్ సారు అడిగింది మంచి మాట, నేను గూడ గదే రాద్దామనుకున్న. దూరం నుంచే చూడు, పైన అడ్డంగ చిన్న పీపా ఉంటది, కన్జర్వేటర్ అంటం, దాని పక్కన నూనె మట్టం చూసే అద్దం ఉంటది. 30 డిగ్రీల గీత కాడ నూనె కనపడాలె. లోపల నూనె వేడికి ఉబ్బుతది, 40 డిగ్రీలు ఎక్కితే వంద లీటర్లు 103 అయితది, ఆ మూడు లీటర్లకు జాగ కోసమే ఆ పీపా. రాత్రి చల్లబడి నూనె తగ్గినప్పుడు బయటి గాలి లోపలికి గుంజుకుంటది, ఆ గాలి చెమ్మతోని పోవద్దని బ్రీదర్ల సిలికా జెల్ ఉంటది. నీలం రంగుంటే మంచిగున్నట్టు, గులాబి రంగయితే చెమ్మ నిండినట్టు. పల్లెల్ల చానా వాటికి ఆ బ్రీదరే ఉండదు, ఉత్త గొట్టానికి గుడ్డ చుట్టి ఉంటది.

ఇగ ఎల్‌టీ (మోటార్లకు కరెంటు పోయే తక్కువ వోల్టుల దిక్కు) బుషింగుల కింద చూడు, నల్లగ జిడ్డు దుమ్ము అంటుకొని చారలు కనపడుతున్నయా? లగ్గు (తీగ కొసకు ఉండే బిగింపు ముక్క) లూజుగ బిగిస్తే ఆ జాయింట్ కాగుతది, కాగితే కింద రబ్బరు గ్యాస్కెట్ ఎండి గట్టిపడుతది, గట్టిపడితే నూనె చెమర్చుడు షురూ. చుక్క చుక్కనే, ఎవడూ పట్టించుకోడు. నెలకు ఎంత పోతదో లెక్క రాదు.

బోరు_కింద_వేరుశెనగ

ఇప్పుడే పోయి చూసొచ్చినా, ఫెన్సింగ్ బయట నిలబడి ఫోన్లో జూమ్ చేసి. అద్దంలో నూనె లేదు. అస్సలు లేదు, మురికి మాత్రమే ఉంది. ఎల్‌టీ వైపు మూడు బుషింగులకీ నల్ల చారలు డబ్బా సగం దాకా ఉన్నాయి. కానీ అన్నా ఒక డౌటు, డబ్బాలో నూనె నిండా తొంభై పాళ్ళు ఉంటుంది కదా, పైన పీపాలో కొంచెం లేకపోతే ఏమవుతుంది?

కోర్_కాయిల్

అయిపోయింది, దొరికింది మీ దొంగ.

పైన నేను చెప్పిన గుండ్రం గుర్తుందా, నూనె మూత దాకా లేచి గొట్టాల పై మూతిలో దూరాలి. ఆ పై మూతి డబ్బా పై అంచుకి కొంచెం కిందే ఉంటుంది. పీపా ఖాళీ అయిందంటే ఆ తర్వాత చుక్క డబ్బాలోంచే తగ్గుతుంది. మట్టం పై మూతి కంటే నాలుగు వేళ్ళు కిందికి జారిందనుకోండి, కాయిళ్ళు ఇంకా నూనెలో మునిగే ఉండొచ్చు, గొట్టాల్లో కూడా ముప్పాతిక వంతు నూనె ఉంటుంది, బయట నుంచి చూసేవాడికి అంతా బాగానే ఉంటుంది. కానీ వేడి నూనె గొట్టంలోకి దాటే దారి తెగిపోయింది. ఆ 13 గ్రాముల తోపు నూనెని నాలుగు వేళ్ళు ఎత్తి మూతిలో పొయ్యలేదు. గొట్టాలు అక్కడే ఉన్నాయి, నూనె అందులోనే ఉంది, పని మాత్రం సున్నా. డబ్బా గోడల నుంచి పోయే వేడే దిక్కు. సోలార్ హీటర్‌లో కూడా నీళ్ళు తగ్గి పై పైపు మూతి తేలిందంటే ప్యానెల్ కుతకుతా ఉడుకుతుంటే ట్యాంకులో నీళ్ళు చల్లగా ఉంటాయి, గమనించారా ఎప్పుడైనా?

నూనె పది శాతం తగ్గితే కూలింగ్ పది శాతం తగ్గుతుంది అని అందరూ అనుకుంటారు, కానీ ఆ గీత దాటాక ఒక్కసారిగా పడిపోతుంది. మీది ఇప్పటికి మూడోసారి కాలకపోవడం మీ అదృష్టం, బహుశా కొత్తగా ఎక్కించి ఎక్కువ రోజులు కాలేదు. రెండుసార్లూ రిపేరు చేసి పంపినవాళ్ళు కాయిల్ మార్చారు, గ్యాస్కెట్లు మార్చలేదు అని నా అనుమానం.

చెక్ చెయ్యాలంటే ముట్టుకోకుండా చేసే మార్గం ఒకటుంది. దూరం నుంచి ఉష్ణోగ్రత చూపించే గన్ను, కరోనా టైంలో నుదుటికి పెట్టిన రకం కాదు, వర్క్‌షాపులది, మెకానిక్‌ల దగ్గర ఉంటుంది. ఫెన్సింగ్ బయట నుంచే డబ్బా పై భాగం మీద, గొట్టం పై వంపు మీద, గొట్టం కింది వంపు మీద పెట్టి చూడండి. నూనె తిరుగుతుంటే పై వంపు డబ్బా పై భాగంతో ఇంచుమించు సమానంగా వేడిగా ఉంటుంది, కిందికి పోయేకొద్దీ తగ్గుతుంది. డబ్బా కాలిపోతూ గొట్టాలు పై నుంచి కింది దాకా ఒకే మాదిరి గోరువెచ్చగా ఉంటే గుండ్రం తెగినట్టే.

షిఫ్ట్_ఆపరేటర్

మీరే నూనె తెచ్చి పోసుకోవద్దు దయచేసి. లైన్‌మన్‌తో చెప్పించి సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపామని ఇచ్చే అనుమతి) తీసుకుని, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైను విడదీసేది) తీసి, ఎర్త్ రాడ్లు తగిలించాకే ఎవరైనా పైకెక్కాలి. నూనె కూడా ఫిల్టర్ చేసి టెస్టు చేసినదే పొయ్యాలి, డ్రమ్ములో నెలల తరబడి మూత లేకుండా ఉన్నది పోస్తే చెమ్మని మీరే చేత్తో పోసినట్టు. మార్చాల్సింది నూనె కాదు, గ్యాస్కెట్లు. లగ్గులు కూడా గట్టిగా బిగించమనండి, లేకపోతే కొత్త గ్యాస్కెట్ కూడా వచ్చే ఎండాకాలానికి అదే గతి.

బోరు_కింద_వేరుశెనగ

అప్‌డేట్. నాలుగు రోజులు తిరిగితే నిన్న వచ్చినారు. ఎల్‌సీ తీసుకుని మూడు ఎల్‌టీ గ్యాస్కెట్లు మార్చినారు, పాతవి చేత్తో విరిస్తే బిస్కెట్ మాదిరి పుటుక్కున విరిగిపోయినాయి. నూనె 14 లీటర్లు పట్టింది. బ్రీదర్ కూడా కొత్తది పెట్టినారు, నీలంగా ఉంది.

పొయ్యక ముందు టౌన్లో మెకానిక్ దగ్గర గన్ను అడుక్కొచ్చి చూసినా, డబ్బా పైన 91, గొట్టాలు పైనా కిందా 50 అటూ ఇటూ. అచ్చం మీరు చెప్పినట్టే. ఈరోజు మధ్యాహ్నం రెండున్నరకి, పది మోటార్లు ఆడుతున్నప్పుడు, డబ్బా పైన 74, గొట్టం పై వంపు 71, కింది వంపు 54. మా బాబాయి కూడా గన్ను పట్టుకుని అరగంట ఆడుకున్నాడు, గోనెసంచులు ఇప్పుడు గుర్తు లేవు ఆయనకి.

వంతులు వేసుకుందాం, పొద్దున సగం మోటార్లు, మధ్యాహ్నం సగం అని రచ్చబండ దగ్గర చెప్పినా. పన్నెండు మంది ఒప్పుకున్నారు. 7.5 వాళ్ళు ఇద్దరు ఒప్పుకోలేదు, మూడో 7.5 వాణ్ణి నేనే కాబట్టి గట్టిగా మాట్లాడలేకపోయినా. 100 కేవీఏకి అప్లికేషన్ పెట్టినాం, దానికి ఏమేం పేపర్లు కావాలో తెలిసినోళ్ళు చెప్పండి.

పాత_లైన్‌మన్

ముందు ఆ 7.5 మోటార్లు 7.5 అని పేపర్ మీద రాయించుకోండ్రి, గది లేకుంటే 100 కేవీఏ ఫైలు కదలదు.